ఫర్నేస్ అడుగున వేడిని గాజు తీగతో కొలవగలమా?

గరివిడి_కొలమానం
అందరికీ నమస్కారం. చీపురుపల్లి, గరివిడి ప్రాంతంలోని ఒక ఫెర్రో అల్లాయిస్ కర్మాగారంలో కొలత పరికరాల విభాగంలో పనిచేస్తున్నాను. మాది సిలికో మాంగనీస్ తీసే సబ్‌మర్జ్‌డ్ ఆర్క్ ఫర్నేస్, అంటే ముడిసరుకులో మునిగిన ఎలక్ట్రోడ్‌ల కరెంటుతో కరిగించే కొలిమి. నిరుడు అడుగు లైనింగ్ మార్చినప్పుడు కార్బన్ దిమ్మెల కిందనున్న ఇటుకల్లో మూడు లోతుల్లో, లోతుకు రెండు చొప్పున, ఆరు కె రకం థర్మోకపుల్‌లు (రెండు వేరు లోహాల తీగల జతలో వేడికి పుట్టే వోల్టేజితో ఉష్ణోగ్రత చెప్పేవి) అమర్చాము. ఏడాది తిరగకుండానే నాలుగు పోయాయి. మిగిలిన రెండూ పేరుకు బతికే ఉన్నాయి గాని, ఎలక్ట్రోడ్‌ను దించినప్పుడల్లా వాటి అంకెలు ఇరవై, ముప్పై డిగ్రీల మేర ఎగిరిపడుతున్నాయి. అడుగున నిజంగానే వేడి పెరిగిందో, కరెంటు గోల తీగలో దూరిందో తేల్చుకోలేక రాత్రి షిఫ్టువారు నాకు ఫోను చేస్తుంటారు. నా దగ్గరా సమాధానం ఉండదు.

నీలమణి స్ఫటికంతో చేసిన ఆప్టికల్ ఫైబర్ 2000 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుందని చదివాను. అటువంటిది ఫర్నేస్‌లో పెట్టి, ఈ థర్మోకపుల్ బాధకు శాశ్వతంగా స్వస్తి చెప్పడం సాధ్యమేనా? ఈ పనితో పరిచయం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

చంపావతి
విజయనగరంలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఫర్నేస్‌లో పనిచేసిన అనుభవం లేదు కనుక సిద్ధాంతం వరకే చెబుతాను.

కె రకం థర్మోకపుల్ ఒక డిగ్రీకి ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు మాత్రమే. అంటే మీరు చెప్పిన ముప్పై డిగ్రీల ఎగురుడు ఒకటిన్నర మిల్లీవోల్టు కూడా కాదు. పక్కనే ఎలక్ట్రోడ్‌లలో వేల ఆంపియర్ల ప్రవాహం మారుతూ ఉండగా, పొడవాటి తీగలో ఆ మాత్రం వోల్టేజి పుట్టకపోతేనే ఆశ్చర్యపడాలి. ప్లాటినం రకాలకు మారితే ఈ బాధ తగ్గదు, పెరుగుతుంది. ఎందుకంటే వాటి సంకేతం ఇంకా చిన్నది, 1500 డిగ్రీల దగ్గర కూడా డిగ్రీకి పది, పన్నెండు మైక్రోవోల్టులే.

గాజుకు గాని నీలమణికి గాని ఈ చిక్కు లేదు. అందులో నడిచేది కాంతి. అయస్కాంత క్షేత్రం ఎంత మారినా దానిలో వోల్టేజి పుట్టదు. ఫైబర్ వైపు మొగ్గడానికి అన్నిటికంటే బలమైన కారణం ఇదేనని నా అభిప్రాయం. అధిక ఉష్ణోగ్రతను తట్టుకోవడం దాని తరువాతి మాట.

బొబ్బిలి_ట్యాపింగ్
మాస్టారు చెప్పినది నిజమే గాని, ఫర్నేస్ దగ్గర ఇరవై రెండేళ్లు నిలబడినవాడిగా ఒక మాట. నీలమణి అంటే రసాయనికంగా అల్యూమినానే గదా. మా స్లాగ్‌లో (లోహం మీద తేలే కరిగిన మడ్డిలో) మాంగనీస్ ఆక్సైడ్, సిలికా, సున్నం ఉంటాయి. ఆ కరిగిన స్లాగ్‌కు అల్యూమినా తగిలితే ఉప్పుగల్లు నీళ్లలో పడ్డట్టు కరిగి కలిసిపోతుంది. 2000 డిగ్రీలు తట్టుకోవడం వేరు, స్లాగ్‌ను తట్టుకోవడం వేరు. ప్రయోగశాలలో శుభ్రమైన గాలిలో వచ్చిన అంకెను చూసి కరిగిన లోహంలో దించితే ఆ పూటకే పోతుంది.

లోహం వేడి చూడటానికి మేము ఇప్పటికీ టిప్ వాడుతున్నాము. అట్టగొట్టం చివర ప్లాటినం థర్మోకపుల్ ఉంటుంది, లాన్స్‌తో ముంచితే నాలుగైదు సెకన్లలో అంకె నిలబడుతుంది, టిప్ కాలిపోతుంది, పారేస్తాము. ఒక్కసారికే పనికొచ్చే వస్తువు గనుక పాడవుతుందన్న చింత దానికి లేదు.

నాగావళి_తీరం
నేను శ్రీకాకుళం వాణ్ణి. ఫైబర్ సెన్సర్ల మీద, అందులోనూ ఫైబర్ లోపల లేజర్‌తో చారలు రాసి చేసే గ్రేటింగ్‌ల మీద పరిశోధన చేస్తున్నాను. బొబ్బిలి అన్నగారు చెప్పిన పద్ధతికి ఫైబర్‌లో అచ్చమైన జోడీ ఒకటి ఉంది. సన్నని లోహపు గొట్టంలో ఉన్న మామూలు సిలికా ఫైబర్‌ను చుట్ట నుంచి వదులుతూ నేరుగా కరిగిన ఉక్కులోకి తోస్తారు. కొన కరిగిపోయే లోపు, చుట్టూ ఉన్న ద్రవలోహం వెలుగును ఆ కొన పట్టి వెనక్కు పంపుతుంది. లోహం నాలుగు వైపులా కమ్ముకొని ఉండటం వలన అక్కడ దాదాపు కృష్ణవస్తువు (తన వేడికి తగిన వెలుగును పూర్తిగా వెదజల్లే ఆదర్శ వస్తువు) పరిస్థితి ఏర్పడుతుంది కాబట్టి ఉద్గారకత గురించి, అంటే ఆ వెలుగులో ఎన్నో వంతు నిజంగా వెలువడుతోందన్న దాని గురించి, బెంగ ఉండదు. కాలిన మేరకు మళ్లీ కొంత తోస్తారు. ఉక్కు కర్మాగారాల్లో ఇది వాడుకలో ఉన్న పద్ధతే. నీలమణి అక్కరలేదు, కరిగిపోయేదే కనుక చౌకైన ఫైబరే కావాలి.

ఇక నీలమణి సంగతి. 1983లో ఆర్. ఆర్. డిల్స్ అనే శాస్త్రవేత్త నీలమణి కడ్డీ కొనను పలుచటి లోహపు పూతతో కప్పి ఒక బుల్లి కృష్ణవస్తు కుహరం చేశాడు. కొన వేడెక్కితే పూత వెలుగుతుంది. ఆ వెలుగును కడ్డీ చల్లటి చోటికి తెస్తుంది. అక్కడ దాని తీవ్రతను ప్లాంక్ సూత్రంతో ఉష్ణోగ్రతగా మారుస్తారు. వేడి వాయువుల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. పూత చెడితే లెక్క చెడుతుంది, అది దాని బలహీనత.

నీలమణి ఫైబర్‌ను గాజు ఫైబర్‌లా కిలోమీటర్ల పొడవున లాగలేరు. లేజర్‌తో కడ్డీ కొనను కరిగించి, అందులోంచి నిమిషానికి మిల్లీమీటర్ల లెక్కన స్ఫటికాన్ని పైకి పెంచుతూ పోతారు. అందుకే మీటరు ధర పదుల వేల రూపాయల్లో ఉంటుంది. పైగా దానికి గాజు ఫైబర్‌కు ఉన్నట్లు బయటి తొడుగు పొర ఉండదు, గాలే తొడుగు. ఎక్కడ మసి అంటినా, ఎక్కడ గొట్టపు గోడకు ఆనినా అక్కడ కాంతి కారిపోతుంది.

వంశధార_స్ప్లైసర్
టెక్కలి వైపు టెలికాం ఫైబర్ వేసే పనిలో ఉన్నాను. నాకు తెలియక అడుగుతున్నాను. గాజు 1600 దాటితే గాని మెత్తబడదని మాకు శిక్షణలో చెప్పారు. మేము స్ప్లైసింగ్ చేసేటప్పుడు ఆర్క్‌తోనే కరిగించి అతుకుతాము. గరివిడి గారి ఇటుకల్లో వేడి అంతకు చాలా తక్కువ కదా? మరి మా దగ్గర చుట్టలు చుట్టలుగా పడి ఉన్న ఫైబర్‌నే పెడితే ఏమవుతుంది?

నాగావళి_తీరం
మంచి ప్రశ్న. ముందుగా పోయేది గాజు కాదు, దాని మీది ప్లాస్టిక్ పూత. టెలికాం ఫైబర్ మీది అక్రిలేట్ సుమారు 85 డిగ్రీల వరకే నమ్మకం. పాలీఇమైడ్ పూత అయితే 300, బంగారు పూత అయితే 700 వరకు వెళ్లవచ్చు. పూత కాలిపోయిన ఫైబర్ వెంటనే విరగదు గాని, తరువాత కాస్త కదిలితే చాలు పుల్లలా విరుగుతుంది. మీరు స్ప్లైసింగ్‌కు పూత వలిచిన కొనను ఎంత జాగ్రత్తగా పట్టుకుంటారో ఊహించుకోండి. ఆపైన 1000 డిగ్రీల ప్రాంతానికి పోతే లోపలి జెర్మేనియం మెల్లగా వ్యాపించి కాంతిని నడిపే కేంద్రభాగం చెదరడం మొదలవుతుంది. ఉప్పు, పొటాష్ వంటి క్షారాల మాలిన్యం ఉంటే గాజు స్ఫటికంగా మారి తెల్లబడి పగులుతుంది. అందువలన గాజు మెత్తబడే ఉష్ణోగ్రత ఎంత పెద్దదైనా, నెలల తరబడి నిలకడగా వాడుకోవడానికి సిలికా హద్దు 1000 డిగ్రీలు అనుకోవడం మంచిది.

బుడితి_మూస
మా తాతముత్తాతల నుంచి ఇత్తడి పని. మీ మాటల్లో వేలు పెడుతున్నందుకు మన్నించండి. మా ఇంట్లో ఏనాడూ ఏ యంత్రమూ లేదు. మూసలో లోహం రంగు, పైకి లేచే తెల్లని పొగ చూసి పోత పోస్తాము. పొగ ఎక్కువైతే వేడి మీరిందని మా నాన్న బొగ్గు పక్కకు లాగేవారు. ఇలాంటి ఫైబర్ పరికరం చిన్న కొలిమికి పనికొస్తుందా?

చంపావతి
బుడితి గారూ, మన్నించమని అడగవలసిన పనే లేదు. మీ నాన్నగారు చూసిన ఆ తెల్లని పొగ ఒక స్థిరమైన ఉష్ణోగ్రతా చిహ్నమే. జింకు 907 డిగ్రీలకు మరుగుతుంది; ఇత్తడి కరిగే వేడి కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. వేడి మీరిన కొద్దీ జింకు ఆవిరై, గాలిలో కాలి తెల్లని ఆక్సైడ్ పొగ అవుతుంది. మీ పనికి ఫైబర్ దండగ. పింగాణీ తొడుగులో ఒక కె రకం థర్మోకపుల్ చాలు, అది కూడా కావాలనుకుంటేనే. ఆ పొగ మాత్రం పీల్చకండి, జ్వరం తెస్తుంది.

రంగు చూసి వేడి చెప్పడం గురించి ఒక మాట. వస్తువు వేడెక్కిన కొద్దీ అది ఎక్కువగా వెదజల్లే కాంతి తరంగదైర్ఘ్యం తగ్గుతుంది. వీన్ సూత్రం ప్రకారం 2898ను కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగిస్తే ఆ తరంగదైర్ఘ్యం మైక్రాన్లలో వస్తుంది. 1600 డిగ్రీల సెల్సియస్ అంటే 1873 కెల్విన్, భాగిస్తే 1.55 మైక్రాన్లు. టెలికాం ఫైబర్ అతి తక్కువ నష్టంతో మోసే తరంగదైర్ఘ్యం కూడా సరిగ్గా 1.55 మైక్రాన్లే! ఇది కాకతాళీయమే గాని దీని పర్యవసానం గమనించదగినది. ఉష్ణ వికిరణాన్ని పట్టి కొలిచే పద్ధతికి ఇది వరం, ఎందుకంటే ఫర్నేస్ ఎక్కడ బాగా వెలుగుతుందో ఫైబర్ అక్కడే బాగా మోస్తుంది. బయటి నుంచి మన కాంతిని పంపి తిరిగి చదివే పద్ధతికి మాత్రం అదే శాపం. మనం పంపిన కొద్దిపాటి కాంతి మీద ఫర్నేస్ తన కాంతిని కుమ్మరిస్తుంది. నాగావళి బాబూ, మీ గ్రేటింగ్‌లకు ఈ ఇబ్బంది లేదా?

నాగావళి_తీరం
ఉంది మాస్టారు. నీలమణి ఫైబర్‌లో ఇంకా ఎక్కువ, అది లావుగా ఉండి అన్ని దిశల కాంతినీ పోగుచేస్తుంది కాబట్టి. మనం పంపే కాంతిని ఒక నియమిత వేగంతో ఆపుతూ విడుస్తూ, ఆ లయకు సరిపడే సంకేతాన్నే వేరుచేసి చదవడం ఒక ఉపాయం.

తెలియనివారి కోసం చెబుతున్నాను. బ్రాగ్ గ్రేటింగ్ అంటే ఫైబర్ లోపల వక్రీభవన గుణకం క్రమం తప్పకుండా ఎక్కువ తక్కువలుగా మారేటట్లు లేజర్‌తో రాసిన చారలు. అవి ఒక్క తరంగదైర్ఘ్యాన్నే వెనక్కు తిప్పుతాయి. వేడి పెరిగితే ఆ తరంగదైర్ఘ్యం జరుగుతుంది: సిలికాలో 1550 నానోమీటర్ల దగ్గర, మామూలు ఉష్ణోగ్రతలో డిగ్రీకి సుమారు 10 పికోమీటర్లు, పైకి పోయిన కొద్దీ ఇంకొంచెం ఎక్కువ. కెనడాలో కెన్ హిల్ 1978లో ఇటువంటి గ్రేటింగ్‌ను మొదట చూశాడు. అతినీల లోహిత కాంతితో రాసిన మామూలు గ్రేటింగ్ నాలుగైదు వందల డిగ్రీలు దాటితే చెరిగిపోతుంది. విచిత్రమేమిటంటే, ముందుగా హైడ్రోజన్ పట్టించిన ఫైబర్‌లో గ్రేటింగ్ రాసి, దానిని 900 డిగ్రీల ప్రాంతంలో కాలిస్తే పాత చారలు పూర్తిగా చెరిగి, వాటి స్థానంలో వేడిని తట్టుకునే కొత్త చారలు తేలుతాయి. వీటిని పునర్జనిత గ్రేటింగ్‌లు అంటారు. నా బల్ల మీద ఆ సంకేతం శూన్యమై, మళ్లీ లేచినప్పుడు మొదటిసారి నేను నమ్మలేదు, పరికరం చెడిందనుకున్నాను.

నీలమణిలోనూ గ్రేటింగ్ రాయవచ్చని కెనడాలోనే స్టీఫెన్ మిహైలోవ్ బృందం 2004లో ఫెమ్టోసెకండ్ లేజర్‌తో చూపింది. వారు 1500 డిగ్రీల దాకా కొలిచారు.

గరివిడి_కొలమానం
అందరికీ ధన్యవాదాలు. చదువుతున్నకొద్దీ నా ప్రశ్న తప్పుగా వేశానని తెలుస్తోంది. నాకు కరిగిన లోహం వేడి కావాలంటే బొబ్బిలి గారి టిప్ ఉండనే ఉంది. నాకు నిజంగా కావలసినది అడుగు ఎంత అరిగిందన్న సంగతి. లోహం ఎక్కడో దారి చేసుకొని ఫర్నేస్ బయటి ఉక్కు షెల్ దాకా వస్తే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకు 1600 డిగ్రీల చోటనే సెన్సర్ ఉండాలా?

బొబ్బిలి_ట్యాపింగ్
అక్కరలేదు. ఇటుకలో వేడి ఎలా తగ్గుతూ వస్తుందో తెలిస్తే చాలు. ఒకే నిలువు గీత మీద 200 మిల్లీమీటర్ల దూరంలో రెండు చోట్ల 800, 600 చూపించాయనుకోండి. మిల్లీమీటరుకు ఒక డిగ్రీ. లోహం గడ్డకట్టే వేడిని 1200 అనుకుంటే, పై సెన్సర్ నుంచి 400 మిల్లీమీటర్లు లోపలికి పోతే ఆ గీత వస్తుంది. కార్బన్ దిమ్మె ఇటుక కంటే వేడిని చాలా తేలికగా పోనిస్తుంది గనుక రెంటికీ వేరువేరుగా లెక్క వేయాలి. లేకపోతే అడుగు ఉన్నదానికంటే పలుచగానో మందంగానో కనిపిస్తుంది. మేము చేత్తోనే వేసుకునేవాళ్లం. ఆ గీత వారం వారం కిందికి దిగుతూ ఉంటే భయపడాలి.

మీ కె రకాలు ఎందుకు పోయాయో నాకు ఒక అనుమానం. లోపల కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. అటువంటి చోట 800, 1000 డిగ్రీల మధ్య కె రకంలోని ఒక తీగ అయిన క్రోమెల్‌లోని (నికెల్, క్రోమియం మిశ్రమంలోని) క్రోమియం ఒక్కటే తుప్పు పడుతుంది. తీగ విరిచి చూస్తే ఆకుపచ్చగా కనిపిస్తుంది. తెగక ముందు నెలల పాటు అది అసలు కంటే తక్కువ వేడి చూపిస్తుంది. అది ఎగిరిపడే అంకె కంటే ప్రమాదం.

చంపావతి
ఈ మాట విన్నాక నాకు సమస్య తేలికపడినట్లు కనిపిస్తోంది. 600 నుంచి 900 డిగ్రీల మధ్య కొలత చాలు అయితే నీలమణి ఊసే వద్దు. సిలికాతోనే సరిపోతుంది.

షెల్ చుట్టూ బయట నుంచి మరొక పని చేయవచ్చు. రామన్ పరిక్షేపణ ఆధారంగా ఒకే ఫైబర్ పొడవునా ప్రతి మీటరు దగ్గర వేడి ఎంతో చెప్పే పరికరాలు ఉన్నాయి. కాంతి స్పందనను పంపి, వెనక్కు చెదిరి వచ్చే కాంతిలో యాంటీ స్టోక్స్ (పంపినదాని కంటే తక్కువ తరంగదైర్ఘ్యం), స్టోక్స్ (ఎక్కువ తరంగదైర్ఘ్యం) భాగాల నిష్పత్తిని చూస్తారు. వేడి పెరిగితే యాంటీ స్టోక్స్ పెరుగుతుంది. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక 10 నానోసెకన్ల స్పందన అంటే ఒక మీటరు వివరం. షెల్ మీద ఎక్కడ వేడి మచ్చ లేచినా ఏ మీటరులో లేచిందో తెలుస్తుంది. సి. వి. రామన్ బాల్యం, బడి చదువు మన విశాఖపట్నంలోనే గడిచాయి; తండ్రిగారు అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. విషయం పక్కకు పోయింది, క్షమించాలి, గురువుల అలవాటు.

వంశధార_స్ప్లైసర్
మాస్టారు, అది మా ఓటీడీఆర్ లాంటిదే అన్నమాట. కేబుల్ ఎక్కడ తెగిందో మేము కాంతి తిరిగొచ్చిన సమయం చూసే చెబుతాము.

చంపావతి
సరిగ్గా అదే. మీరు తిరిగొచ్చిన కాంతి ఎంత ఉందో చూస్తారు. వీరు దాని రంగు మార్పు కూడా చూస్తారు.

నాగావళి_తీరం
గరివిడి గారూ, లోపలికి పునర్జనిత గ్రేటింగ్‌లు నా సలహా. ఒకే ఫైబర్ మీద వేరువేరు తరంగదైర్ఘ్యాల గ్రేటింగ్‌లు ఐదారు వరుసగా రాస్తే ఒకే రంధ్రంలో ఐదారు లోతుల వేడి తెలుస్తుంది. మీ ఆరు థర్మోకపుల్‌లకు ఆరు జతల తీగలు కావలసి వచ్చాయి, ఇక్కడ ఒక్క ఫైబర్ చాలు. అయితే మూడు జాగ్రత్తలు తప్పవు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఫైబర్‌ను గొట్టంలో బిగించకూడదు. గ్రేటింగ్ వేడికి ఎలా స్పందిస్తుందో సాగుడుకు కూడా అలాగే స్పందిస్తుంది: పొడవులో పది లక్షల్లో ఒక వంతు సాగితే 1.2 పికోమీటర్లు జరుగుతుంది. అంటే పది లక్షల్లో ఎనిమిది, తొమ్మిది వంతుల సాగుడు ఒక డిగ్రీ వేడిలా కనిపిస్తుంది. ఉక్కు గొట్టం గాజు కంటే ఎన్నో రెట్లు వ్యాకోచిస్తుంది. రెండు చివరలా అతికిస్తే మీరు చదివేది గొట్టం సాగుడు, ఇటుక వేడి కాదు. ఒక కొనను వదులుగా వదిలేయండి. రెండవది, లోపలి గొట్టం అల్యూమినాది పెట్టి, కొన మూసి ఉంచండి. వాయువులు లోపలికి రాకూడదు, ముఖ్యంగా హైడ్రోజన్ చేరితే గాజు కాంతిని మింగడం మొదలుపెడుతుంది. మూడవది, పెట్టే ముందే గ్రేటింగ్‌ను మీరు వాడబోయే వేడి కంటే వంద డిగ్రీలు ఎక్కువలో కొన్ని రోజులు కాల్చి ఉంచాలి, లేకపోతే మొదటి నెలల్లో అంకె తనంతట తానే జరుగుతూ ఉంటుంది.

మన దేశంలో కోల్‌కతాలోని కేంద్ర గాజు, పింగాణి పరిశోధన సంస్థలోను, ఇండోర్‌లోని రాజా రామన్న ఉన్నత సాంకేతిక కేంద్రంలోను ఫైబర్ గ్రేటింగ్‌ల పని జరుగుతోంది. కొనే ముందు వారికి ఒక ఉత్తరం రాయడం మంచిది.

బొబ్బిలి_ట్యాపింగ్
నాలుగో జాగ్రత్త నేను చెబుతాను. షెల్ దగ్గర బయటికి వచ్చే చోట ఇనుప పెట్టె పెట్టి తాళం వేయండి. ట్యాపింగ్ (లోహం బయటికి తీసే రంధ్రం) మూసేటప్పుడు గొట్టాలు, గడ్డపారలు ఎక్కడపడితే అక్కడ ఆనిస్తాము. థర్మోకపుల్ తీగ నలిగినా పనిచేస్తుంది. గాజు నలిగితే ఆ రోజుతో ఆరు లోతులూ ఒకేసారి పోతాయి. ఒక్క ఫైబర్ చాలు అని తమ్ముడు అన్నది లాభమూ అదే, నష్టమూ అదే.

గరివిడి_కొలమానం
అది నిజం. కనుక ఒక్కదానిపై ఆధారపడను. సిరిమాను పండుగ వెళ్లిన తరువాత మా చిన్న ఫర్నేస్ లైనింగ్‌కు ఆగుతుంది. రెండు రంధ్రాల్లో రెండు ఫైబర్‌లు, పక్కనే మూసిన అల్యూమినా గొట్టంలో ఒక ఎస్ రకం (ప్లాటినం) థర్మోకపుల్ పెట్టి, ఎలక్ట్రోడ్ కదిలిన క్షణాల్లో మూడింటి అంకెలను పక్కపక్కన రాయిస్తాను. ఎస్ రకం ఎగిరి, ఫైబర్ కదలకపోతే గోల సంగతి తేలిపోతుంది. పెద్ద ఫర్నేస్ జోలికి ఆ తరువాతే. మా అధికారి మొదట అడగబోయేది ధర, రెండోది ఎవరు అతుకుతారని. మొదటిదానికి నాగావళి గారి సాయంతో కొటేషన్ తెప్పిస్తున్నాను.

వంశధార_స్ప్లైసర్
రెండోదానికి నేను ఉన్నాను. స్ప్లైసింగ్ యంత్రం నాదే, టెక్కలి నుంచి బస్సులో తెచ్చుకుంటాను. బంగారు పూత ఉన్న ఫైబర్‌ను మాత్రం ఎప్పుడూ అతకలేదు. పూత వలవడం ఎలాగో నాగావళి గారు ముందుగా ఒక ముక్క పంపితే ఇంటి దగ్గర నాలుగైదు సార్లు చేసి చూసుకుంటాను. పెట్టె నుంచి కంట్రోల్ రూము దాకా ఎన్ని మీటర్లు ఉంటుందో కూడా చెప్పండి, కేబుల్ మిగులు ఎంత వదలాలో చూసుకోవాలి.

గరివిడి_కొలమానం
సుమారు 140 మీటర్లు. అందులో 30 మీటర్లు బస్‌బార్ల (ఫర్నేస్‌కు భారీ కరెంటు మోసే లోహపు పట్టీల) పక్కనుంచే పోవాలి. థర్మోకపుల్ తీగలను అటు పోనివ్వకూడదని ఇన్నాళ్లూ చుట్టు తిప్పి తెచ్చాము. ఈసారి తిన్నగా వేద్దాం.